ఆరు చరణాలూ చదివి పాడు, నాన్నా

నాన్నా,

ఈ ఏడు క్రిస్మస్ ముందురోజు రాత్రి కొవ్వొత్తుల ఆరాధనలో యూత్ క్వయర్‌ని నడిపించే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆఖరి పాట 'సైలెంట్ నైట్' అనీ, గిటార్ నువ్వే వాయిస్తావనీ కూడా చెప్పింది. మన ఇళ్ళల్లో 'శుద్ధరాత్రి' అని పాడుకునేది ఆ పాటే. పాలపళ్ళ వయసు నుంచీ నీ నోట్లో నలిగిన పాట. దానికి ప్రాక్టీసు ఎందుకులే అని నీకు అనిపించవచ్చు. రాగం వరకైతే నువ్వు అనుకునేది నిజమే. అర్థం దగ్గరకొస్తే మాత్రం మనలో చాలామందిమి గడప దగ్గరే ఆగిపోయాం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ పాటను ఒట్టి జోలపాటగా పాడకు. యుద్ధాలతో నలిగి, ఆకలితో అల్లాడుతున్న జనం మధ్య కూర్చుని ఒక పేద ఫాదరు రాసిన పాట ఇది. దాని గుండెకాయ మనం పాడకుండా వదిలేసే చరణాల్లో ఉంది. ఆ చరణాల్లో ఏముందో తెలుసుకుని పాడావంటే, నువ్వు పాడే మొదటి చరణం కూడా వేరేగా వినిపిస్తుంది.

రాసినాయన పేరు యోసేఫ్ మోర్. 1792లో సాల్జ్‌బర్గ్ నగరంలో పుట్టాడు. తల్లి అన్నా షోయిబర్ అల్లికపని చేసుకుని పొట్టపోసుకునేది. తండ్రి సైనికుడు, దండు విడిచి పారిపోయినవాడు. తల్లికీ తండ్రికీ పెళ్ళి కాలేదు. అలాంటి బిడ్డను ఆ రోజుల్లో ఊరు ఎలా చూసేదో నేను విడమరచి చెప్పక్కర్లేదు. బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా పేరు ఇచ్చినవాడు ఎవరో తెలుసా? ఆ నగరంలో మరణశిక్షలు అమలుచేసే తలారి. మర్యాదస్థులు పక్కన కూర్చోబెట్టుకోని మనిషి. ఆయన కూడా స్వయంగా రాలేదు, తన బదులు ఇంకొకరిని పంపాడు. అలా మొదలైంది ఆ పిల్లవాడి బతుకు.

ఆ పిల్లవాడి గొంతు బాగుంటుందని కనిపెట్టి చేరదీసినవాడు కతీడ్రల్‌లో పాటల బృందాన్ని నడిపే యోహాన్ నెపోముక్ హీర్న్‌లె అనే ఫాదరు. చదివించాడు, సంగీతం నేర్పించాడు. మోర్ సెమినరీలో చేరే వేళకు పుట్టుక మళ్ళీ అడ్డొచ్చింది. పెళ్ళికాని తల్లి కొడుకు ఫాదరు కావాలంటే సభ దగ్గర ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. తీసుకున్నాడు. 1815లో అభిషేకం పొందాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళ వయసు, దాదాపు నీ వయసే. పంపించింది లుంగావ్ అనే కొండసీమలోని మరియాప్‌ఫార్ అనే ఊరికి. కన్నతండ్రి తరఫు వాళ్ళ ఊరు కూడా అదే.

ఈ పాట మాటలు అక్కడే రాశాడు, 1816లో. మోర్ స్వహస్తంతో రాసిన ప్రతి ఒకటి 1995లో బయటపడింది. అందులో ఆ సంవత్సరం స్పష్టంగా ఉంది. అంటే పాట కట్టి పాడటానికి రెండేళ్ళ ముందే కవిత తయారైపోయింది. ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకో నాన్నా, పాట అర్థానికి అది తాళంచెవి.

1816 నాటికి ఆ సీమ పరిస్థితి ఎలా ఉందో చూడు. నెపోలియన్ యుద్ధాలు అంతకు ముందు ఏడే ముగిశాయి. సాల్జ్‌బర్గ్ ఒకప్పుడు ఆర్చ్‌బిషప్ ఏలుబడిలో సొంత రాజ్యం. ఫ్రెంచి సైన్యాలు వచ్చిపడ్డాయి, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. 1803లో ఆ రాజ్యమే లేకుండా పోయింది. తర్వాత పదమూడేళ్ళలో ఏలికలు మారుతూనే ఉన్నారు. 1810లో బవేరియా చేతికి వెళ్ళింది, 1816లో ఆస్ట్రియా చేతికి వచ్చింది. దండు వచ్చిన ప్రతిసారీ రైతు గాదె ఖాళీ అయింది. పైగా 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ధూళి ఆకాశమంతా కమ్మి, మరుసటి ఏడు ఐరోపాలో వేసవే రాలేదు. 1816ను చరిత్రలో 'వేసవి లేని సంవత్సరం' అంటారు. వానలూ చలీ పట్టుకుని పంటలు పోయాయి, ధాన్యం ధర ఆకాశాన్నంటింది. కొండల్లో ఉన్నవాళ్ళ సంగతి చెప్పేదేముంది!

అలాంటి ఏడాదిలో, అలాంటి చోట, అలాంటి పుట్టుక పుట్టిన యువకుడు శాంతి గురించి రాశాడు. కడుపు నిండినవాడు వేసవి సాయంత్రం వరండాలో కూర్చుని రాసుకున్న శాంతి కాదది. శాంతి అంటే ఏమిటో, అది లేకపోతే ఏమవుతుందో చూసినవాడు రాసింది.

ఇప్పుడు పాటలోకి రా. మోర్ రాసింది ఆరు చరణాలు. ఇంగ్లీషులో పాడేది మూడే. 1859లో జాన్ ఫ్రీమన్ యంగ్ అనే అమెరికన్ ఎపిస్కోపల్ పాదిరి ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ఒకటి, ఆరు, రెండు చరణాలను ఆ వరుసలో తీసుకున్నాడు. ప్రపంచమంతా అదే అలవాటైంది. జర్మన్ మాట్లాడేవాళ్ళు కూడా ఎక్కువగా ఆ మూడే పాడతారు. అందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. పాడుకోవడానికి మూడు చరణాలు హాయిగా ఉంటాయి. కానీ నడిపించేవాడికి ఆరూ తెలిసుండాలి. ఒక్కొక్కటీ నాకు అర్థమైనట్టు చెబుతాను, విను.

మొదటి చరణంలో లోకమంతా నిద్రపోతోంది. మేలుకుని ఉన్నది ఇద్దరే, ఆ తల్లీ ఆ తండ్రీ. వాళ్ళ మధ్య ఉంగరాల జుట్టు పసివాడు. వాడు హాయిగా నిద్రపోవాలని పాట కోరుతుంది. మనం ఈ చరణం పాడేటప్పుడు నిద్రపోయే బిడ్డనే చూస్తాం. ఒకసారి మేలుకున్న ఆ ఇద్దరినీ చూడు. లూకా సువార్త రెండో అధ్యాయం నీకు కంఠోపాఠమే కదా. చక్రవర్తి ప్రజాసంఖ్య రాయమని ఆజ్ఞ వేస్తే, నిండు గర్భిణిని వెంటబెట్టుకుని నజరేతు నుంచి బెత్లెహేము దాకా వచ్చినవాళ్ళు. సత్రంలో చోటు దొరకనివాళ్ళు. కాన్పై, బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టుకున్నవాళ్ళు. ఊరు ఊరంతా నిద్రపోయింది, వాళ్ళకు నిద్ర లేదు. ఒకరు నిశ్చింతగా నిద్రపోవాలంటే ఇంకొకరు మేలుకోవాలి. ఆ రాత్రి ప్రశాంతత వాళ్ళిద్దరి జాగారం మీద నిలబడింది.

ఇది తెలిశాక ఆ చరణం పాడేటప్పుడు నీ కళ్ళముందు మన వాళ్ళే మెదలాలి. క్రిస్మస్ రాత్రి కూడా వార్డులో డ్యూటీ చేసే నర్సమ్మలు మన సంఘంలో ఎంతమంది లేరు? జ్వరం బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చున్న తల్లి, ఏటీఎం ముందు కుర్చీలో చలికి ముడుచుకున్న వాచ్‌మన్, తెల్లవారుజాము బస్సు నడిపే ఆర్టీసీ డ్రైవరు. వాళ్ళు చర్చికి రాలేదంటే భక్తి లేక కాదు. పాటలోని ఆ ఇద్దరి పని వాళ్ళు చేస్తున్నారు. మొదటి చరణం వాళ్ళది.

రెండో చరణంలో ఆ పసివాడి ముఖంలో ప్రేమ నవ్వుతుంది. మనల్ని కాపాడే ఘడియ కొట్టిందని పాట చెబుతుంది. మూడో చరణం ఇంకాస్త ముందుకు వెళ్ళి, ఆకాశపు ఎత్తుల్లో ఉన్న కరుణ అంతా మనిషి రూపంలో దిగివచ్చి కంటికి కనబడుతోందని అంటుంది. దేవుడు దూరంగా ఉండి దయ చూపలేదనీ, మనలాంటి ఒళ్ళు తొడుక్కుని వచ్చాడనీ ఆ చరణం సారం. యోహాను సువార్త మొదటి అధ్యాయం చదివినవాడికి ఇది కొత్త సంగతి కాదు.

నాలుగో చరణం దగ్గర ఆగు నాన్నా. నేను ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం. ఆ రాత్రి తండ్రి ప్రేమ బలమంతా కుమ్మరించబడిందని మోర్ అంటాడు. ఆ తర్వాత యేసును రాజు అనలేదు, న్యాయాధిపతి అనలేదు. అన్నదమ్ముడిలా భూమ్మీది జనాలందరినీ అక్కున చేర్చుకున్నాడని రాశాడు. ఒక్క జనం కాదు, జనాలన్నీ. ఏ జనాలు? మోర్ ఊళ్ళు దోచిన ఫ్రెంచివాళ్ళు, మొన్నటిదాకా ఏలిన బవేరియన్లు, నిన్న వచ్చిన ఆస్ట్రియన్లు, అందరూ అందులోకే వస్తారు. యుద్ధం ముగిసి ఏడాదైనా సరిగ్గా కాలేదు. పగ ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ పగ ఉన్న చోట నిలబడి, నిన్నటి శత్రువు కూడా ఆ పసివాడి చేతుల్లోనే ఉన్నాడని రాయడానికి ఎంత విశ్వాసం కావాలో ఆలోచించు.

ఇంకో సంగతి చూడు. ఆ చరణంలో తండ్రి ఉన్నాడు, అన్నదమ్ముడు ఉన్నాడు. తండ్రి ముఖం ఎరుగకుండా పెరిగిన మనిషి ఆ రెండూ పక్కపక్కన పెట్టి రాశాడు. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. కానీ ఆయన జీవితం తెలిశాక ఆ చరణాన్ని మామూలు మాటల్లా చదవడం నావల్ల కాలేదు.

ఐదో చరణం పాతకాలానికి వెళుతుంది. పితరుల నాడే దేవుడు కోపం పక్కనబెట్టి, లోకాన్నంతటినీ శిక్షించక విడిచిపెడతానని మాట ఇచ్చాడని చెబుతుంది. అబ్రాహాముకు ఇచ్చిన వాగ్దానం గుర్తుందా? భూమి మీది వంశాలన్నిటికీ ఆశీర్వాదమని ఆదికాండం పన్నెండో అధ్యాయంలో ఉంటుంది. ఆ వాగ్దానపు నీడ ఈ చరణంలో ఉంది. పగ తీర్చుకునే హక్కు ఎవరికైనా ఉంటే దేవుడికే ఉండాలి. ఆయనే వదులుకున్నాక మనం పట్టుకుని కూర్చోవడానికి ఏం మిగిలింది? ఆరో చరణంలో ఈ వార్త ముందుగా గొర్రెల కాపరులకు అందుతుంది. దేవదూతల పాట దగ్గరా దూరమూ అంతటా మోగుతుంది. రాత్రిపూట ఆరుబయట కాపలా పనిలో ఉన్న కూలిజనం చెవిన పడిన తర్వాతే మిగతా లోకానికి తెలిసింది.

మొత్తం కలిపి చూడు. పేద ఇంట మొదలై, కరుణ కంటికి కనబడటం, జనాలందరినీ అన్నదమ్ముల్లా కౌగిలించడం, కోపాన్ని విడిచిపెట్టడం, చివరికి ఆ వార్త పేదల చేతిలో పెట్టడం. ఇదీ పాట నడక. నాలుగూ ఐదూ తీసేస్తే నిద్రపోయే బిడ్డా, నవ్వే ముఖమూ, దూతల పాటా మిగులుతాయి. అవీ అందమైనవే. కానీ ఆ బిడ్డ ఎందుకు వచ్చాడన్న జవాబు ఆ రెండింట్లోనే ఉంది.

ఇక పాట మొదటిసారి పాడిన రాత్రి. ఒంట్లో బాగులేక మోర్ మరియాప్‌ఫార్ విడిచి కిందికి వచ్చి, 1817లో ఓబెర్న్‌డోర్ఫ్‌లో చేరాడు. సాల్జాక్ నది ఒడ్డున ఉన్న ఊరు. నది మీద ఉప్పు పడవలు నడిపే బెస్తల ఊరు. నదికి అవతలి ఒడ్డున లావ్‌ఫెన్. నిన్నమొన్నటి దాకా రెండూ కలిసి ఒకటే ఊరు. 1816లో రాజులు నదిని సరిహద్దు చేశారు. లావ్‌ఫెన్ బవేరియాలో ఉండిపోయింది, ఓబెర్న్‌డోర్ఫ్ ఆస్ట్రియాలోకి వచ్చింది. అవతలి ఒడ్డున అన్న, ఇవతలి ఒడ్డున తమ్ముడు. గీత గీయడంతో పరాయి దేశస్థులైపోయారు. మన తెలుగు నేల మీద కూడా గీత గీసిన బాధ ఏమిటో మీ తరానికి తెలుసు కనుక నేను ఎక్కువ చెప్పను. ఆ ఊళ్ళో అన్నదమ్ముల చరణం వినబడితే ఎలా ఉండి ఉంటుందో ఊహించుకో.

1818 డిసెంబర్ 24న మోర్ తన కవితను పక్క ఊరు ఆర్న్స్‌డోర్ఫ్‌లో బడిపంతులుగా ఉన్న ఫ్రాంట్స్ గ్రూబర్‌కు ఇచ్చాడు. గ్రూబర్ నేతపని ఇంటి బిడ్డ. ఓబెర్న్‌డోర్ఫ్ గుడిలో ఆర్గన్ కూడా ఆయనే వాయించేవాడు. రెండు గొంతులకూ ఒక గిటార్‌కూ సరిపడేలా రాగం కట్టమని అడిగితే, ఆ రోజే కట్టి ఇచ్చాడు. ఆ రాత్రే సెయింట్ నికోలస్ గుడిలో పాడారు. మోర్ గిటార్ వాయిస్తూ పై గొంతు అందుకున్నాడు, గ్రూబర్ కింది గొంతు పాడాడు. మోర్ వాయించిన ఆ గిటార్ ఇప్పటికీ ఉంది, గ్రూబర్ చివరి రోజులు గడిపిన హల్లైన్ ఊళ్ళో భద్రంగా దాచారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎలుకలు ఆర్గన్ తిత్తులు కొరికేయడంతో ఏం చేయాలో తోచక ఒక్క రాత్రిలో పాట రాసేశారని ప్రతి డిసెంబరూ ఒక కథ ఫోన్లలో తిరుగుతుంది. స్టేజీ మీద ఆ కథ చెప్పకు. ఈ పాట ఎవరిదని బెర్లిన్ రాజాస్థానం నుంచి వాకబు వస్తే, 1854 డిసెంబర్ 30న గ్రూబర్ స్వయంగా జవాబు రాశాడు. అందులో ఎలుకల ప్రసక్తి లేదు, ఆర్గన్ పాడైందన్న మాటా లేదు. కవిత రెండేళ్ళ ముందుదని మోర్ చేతిరాతే చెబుతోంది. ఆరాధనలో నిలబడి చెప్పే ప్రతి మాటా నిజమై ఉండాలి. ఆకలి ఏడాది, చీలిన ఊరు, తండ్రి లేని ఫాదరు, ఇన్ని నిజాలు చేతిలో ఉండగా మనకు కట్టుకథ అవసరమేముంది?

పాట ఎలా ప్రయాణించిందో కూడా నీ బృందంలో పిల్లలకు చెప్పు. కార్ల్ మావ్‌రాకర్ అనే ఆర్గన్ తయారీదారు దాన్ని తన జిల్లర్‌టాల్ లోయకు మోసుకెళ్ళాడు. అక్కడి నుంచి చేతి తొడుగులు అమ్ముకునే స్ట్రాసర్ కుటుంబం 1832లో జర్మనీలోని లైప్‌ట్సిగ్ కచేరీలో పాడింది. రైనర్ కుటుంబం 1839లో న్యూయార్క్‌లో పాడింది. కేథలిక్ ఫాదరు రాసిన పాటను ప్రొటెస్టెంట్ ప్రష్యా రాజాస్థానం నెత్తిన పెట్టుకుంది. ఎపిస్కోపల్ పాదిరి ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఇవాళ మన దగ్గర లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ వాళ్ళు, ఆర్‌సీఎం వాళ్ళు, ఏ గుడిలో వాళ్ళు ఆ గుడిలో ఇదే పాడుతున్నారు. చరణంలో ఉన్న కౌగిలి పాటకు ఎక్కడికక్కడ దారి తీసింది.

1914లో ఆ కౌగిలిని కొందరు కళ్ళారా చూశారు. మొదటి ప్రపంచయుద్ధం మొదటి క్రిస్మస్. బెల్జియం, ఫ్రాన్స్ సరిహద్దుల్లో కందకాల్లో ఇటు బ్రిటిష్ సైనికులు, అటు జర్మన్లు. ముందురోజు రాత్రి జర్మన్ల వైపు నుంచి క్రిస్మస్ పాటలు వినిపించాయి, వాటిలో ఇదీ ఉంది. అటువాళ్ళు వాళ్ళ భాషలో, ఇటువాళ్ళు తమ భాషలో పాటలు అందుకున్నారు. తెల్లారాక చాలాచోట్ల కందకాలు దాటి మధ్య పొలాల్లో కలుసుకుని చేతులు కలిపారు, సిగరెట్లు పంచుకున్నారు, పడి ఉన్న శవాలను పూడ్చుకున్నారు. అన్నిచోట్లా అలా జరగలేదు. జరిగిన చోట కూడా తర్వాత తుపాకులు మళ్ళీ పేలాయి. పాట యుద్ధాన్ని ఆపేస్తుందని నేను చెప్పను. మనుషులు అన్నదమ్ములని ఒకసారి తెలిసిపోతే, వాళ్ళను మళ్ళీ శత్రువులుగా నిలబెట్టడానికి పైవాళ్ళు గట్టిగా ఆజ్ఞలు వేయాల్సి వస్తుందని మాత్రం చెబుతాను. ఆ ఏడాది అలాగే వేశారు.

ఇప్పుడు నీ దగ్గరకు వస్తాను.

పాట మొదలుపెట్టే ముందు నాలుగో చరణం భావం నాలుగు వాక్యాల్లో సంఘానికి చెప్పు. ప్రసంగం చేయొద్దు, ప్రసంగం అయ్యగారి పని. 1816లో ఆకలి, యుద్ధం మధ్య రాసిన పాట ఇదనీ, ఆ బిడ్డ జనాలందరినీ అన్నదమ్ముల్లా అక్కున చేర్చుకున్నాడని ఇందులో ఉందనీ చెబితే చాలు. కొవ్వొత్తి పట్టుకున్న ముసలమ్మ నుంచి చంకలో పిల్లాడిదాకా అందరికీ తెలిసే పాట కాబట్టి, కొత్తగా విన్న ఆ ఒక్క మాట వాళ్ళ మనసుల్లో నాటుకుంటుంది.

వాయించేటప్పుడు మోర్ నీకు దారి చూపాడు. ఒక గిటార్, రెండు గొంతులు, చివర్లో బృందం అందుకోవడం. మొదటి చరణం వరకైనా కీబోర్డు, ప్యాడ్లు పక్కనబెట్టు. సౌండ్ బాక్సులు తగ్గించు. మరీ సాగదీసి పాడకు. గ్రూబర్ కట్టిన నడక ఆరు మాత్రల ఊపుతో కదులుతుంది. అది ఉయ్యాల ఊపే, ఏడుపు కాదు. వెనక వరసలో ఉన్నవాళ్ళ గొంతు నీకు వినబడేంత మెల్లగా వాయిస్తే, సంఘం తనంతట తానే పాడుతుంది.

మూడోది కష్టమైనది. క్యారల్స్‌కి బయల్దేరేటప్పుడు ఏ ఇళ్ళకు వెళ్తున్నారో జాబితా ముందు వేసుకుని చూడు. కాఫీలు, కేకులు, మంచి కానుక ఇచ్చే ఇళ్ళే ఏటా ఉంటాయి. నక్షత్రం పట్టుకుని మీరు వెళ్ళని వీధి ఏదో నీకు తెలుసు. పల్లెకొక చర్చి, గూడేనికొక చర్చి ఉన్న ఊళ్ళు మనకు తెలియనివి కావు. ఒకే బైబిలు, ఒకే కీర్తనల పుస్తకం, ఒకే క్రిస్మస్. అయినా ఇటు పిల్లలు అటు పాడరు, అటు పిల్లలు ఇటు పాడరు. పెళ్ళిళ్ళ సంగతి, సమాధుల దొడ్డి సంగతి సరేసరి. బయటివాళ్ళు మనల్ని దూరం పెట్టినప్పుడు గుండె మండి క్రీస్తు దగ్గరకొచ్చిన తాతల మనవలం మనం. మళ్ళీ మనలో మనకే గోడలెందుకు? నాలుగో చరణం రాసినవాడు తలారి జ్ఞానకుమారుడు నాన్నా. పక్కన కూర్చోబెట్టుకోకపోవడం అంటే ఏమిటో ఆయనకు తెలుసు, మనకూ తెలుసు. ఈ ఏడు మీ బృందంలో ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని ముందుగా అక్కడి యూత్ దగ్గరకు వెళ్ళు. మేం వచ్చి పాడతామని కాక, మీతో కలిసి పాడతామని అడుగు. ఒప్పుకుంటే రెండు గొంతుల పాటలో ఒక గొంతు వాళ్ళకు ఇవ్వు. పెద్దవాళ్ళలో ఎవరైనా నొచ్చుకుంటే నా పేరు చెప్పు, వాళ్ళతో నేను మాట్లాడతాను.

అలాగే మన ఇంట్లోనూ, నీ స్నేహితుల్లోనూ మాటలు ఆగిపోయినవాళ్ళు ఉంటారు. ఐదో చరణం వాళ్ళకోసం. డిసెంబరు 24 లోపల ఒక్కరికైనా ఫోన్ చెయ్యి. ఎవరికి చేశావో నాకు చెప్పక్కర్లేదు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. మోర్ తర్వాత ఏమయ్యాడని నువ్వు అడుగుతావు. పాట దేశాలు తిరిగింది, ఆయన చిన్న చిన్న ఊళ్ళలోనే సేవ చేసుకుంటూ ఉండిపోయాడు. ఆఖరున వాగ్రైన్ అనే కొండ ఊళ్ళో ఊరి పిల్లలకు బడి కట్టించాడు. ఫీజు కట్టలేని పేద పిల్లలు కూడా చదువుకునేలా ఏర్పాటు చేశాడు. ముసలివాళ్ళను చూసుకోవడానికి దారి చూశాడు. 1848 డిసెంబర్ 4న ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూసేనాటికి ఆయన దగ్గర చెప్పుకోదగ్గ ఆస్తి ఏదీ లేదు. జీతం వచ్చింది వచ్చినట్టు ఇతరులకే పోయింది. ఇరవై మూడేళ్ళప్పుడు రాసిన చరణాన్ని మిగతా ముప్ఫైరెండేళ్ళూ బతికి చూపించాడు.

నీ దగ్గర నేను కోరేదీ అదే. 24 రాత్రి పాట బాగా రావాలని నా ప్రార్థన. 25 తెల్లవారి నుంచి ఆ పాట అర్థం నీ నడతలో కనిపించాలన్నది అంతకంటే పెద్ద ప్రార్థన. చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఏ ఊళ్ళో ఉన్నా ఏ దేశం వెళ్ళినా మనుషుల్ని అన్నదమ్ముల్లా, అక్కచెల్లెళ్ళలా చూసుకో. అది చేతనైనంత మేర చేశావంటే ఈ పాటను నీకంటే బాగా పాడేవాడు లేడని నేను గుండె మీద చెయ్యేసి చెబుతాను.

మీ బృందంలో పిల్లలందరికీ నా దీవెనలు చెప్పు. చలి గాలిలో తిరిగి గొంతు పాడుచేసుకోకుండా శాలువాలు కప్పుకోమను. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

ప్రేమతో,
అమ్మమ్మ